పది బై పన్నెండు గదిలో మృదంగం: ప్రాజెక్టు డైరీ

నవంబరు 9, ఆదివారం

మల్కాజిగిరి ఇంట్లో మేడమీద వెనకగది ఖాళీ అయింది. పాటలు వినడానికి నాకంటూ ఒక గది ఇన్నాళ్లకి దొరికింది. స్పీకర్లు, యాంప్లిఫైయరు, నాన్న వదిలివెళ్లిన క్యాసెట్లు అన్నీ ఈ వారమే పైకి చేర్చాను. మొదటి రాత్రే తెలిసిపోయింది, గదితో పేచీ ఉందని.

గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10, శ్లాబు ఎత్తు 10. కింద టైల్స్, నాలుగు గోడలకీ పుట్టీ పట్టి నున్నగా రంగు. కుడిగోడకి కిటికీ, వెనకగోడకి తలుపు. ఆ వెనకగోడ పొడుగునా ఏడడుగుల ఎత్తులో రెండడుగుల వెడల్పు సజ్జ. గదిలో ఉన్న మెత్తటి వస్తువు ఒక్కటే, గోడకి ఆనించిన పాత సోఫా.

తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే భాగం, పెట్టాను. మృదంగం కుడివైపు దెబ్బలు బాగానే ఉన్నాయి. ఎడమవైపు, అంటే తొప్పి, మోగిన ప్రతిసారీ మాత్రం నాదం ఆగడం లేదు. ఒక దెబ్బ చల్లారేలోపు రెండోది వచ్చి దాని మీద పడుతోంది. గుంకీలు, అంటే తొప్పి మీద స్వరం వంచి పలికించే దెబ్బలు, వేరువేరుగా వినబడాల్సింది పోయి ఒకే మూలుగులా సాగుతున్నాయి. పైన వయొలిన్ చెవిలో గుచ్చుకుంటోంది. గది మధ్య నిలబడి చప్పట్లు కొడితే, రేకుడబ్బా లోపల కొట్టినట్టు ‘ఝుంగ్’ మని ఒక తోక. ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా ఎగురుతోందన్నమాట. పదడుగుల దూరం పోయి రావడానికి 18 మిల్లీసెకన్లు కూడా పట్టదు, అందుకే విడివిడి ప్రతిధ్వనుల్లా కాకుండా ఒక స్వరంలా వినిపిస్తుంది. గోల్కొండలో ఫతే దర్వాజా కింద కొట్టిన చప్పట్లు పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి. అక్కడ ఆ శబ్దానికి ఒక దారి ఉంది. ఈ గదిలో బయటికి పోయే దారే లేదు.

నాన్న టేపుల గురించి ఇక్కడే రాసిపెట్టుకోవాలి. తెనాలిలో ఉండగా శనివారం రాత్రుళ్లు ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం వస్తుంటే, రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి, దానికున్న మైకుతోనే రికార్డు చేసేవాడు. వైరు లేదు, ఏం లేదు. అందులో బాస్ ఎక్కువ ఉండదు, పైస్థాయి కూడా కోసేసినట్టే ఉంటుంది. అయినా నాకు అవే కావాలి. ఈ గదిలో అవి బావిలోంచి పాడినట్టున్నాయి. వాటిలో అక్కడక్కడా ‘కీచు కీచు’ మని ఏదో చప్పుడు కూడా ఉంది. టేప్‌డెక్ బెల్టు అరిగిందేమో, చూడాలి.

నవంబరు 12

కొలవకుండా ఏదీ కొనకూడదనుకున్నాను. ముందు కాగితం మీద లెక్క.

మన వాతావరణంలో శబ్దం సెకనుకి సుమారు 1,135 అడుగులు పోతుంది. రెండు సమాంతర గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న తరంగం ఆ గోడల మధ్య కుదురుకుని కూర్చుంటుంది. 12 అడుగులకి 47 హెర్ట్జ్. 10 అడుగులకి 57. వాటి రెండింతలు 95, 114. అసలు చిక్కు ఇక్కడుంది: వెడల్పూ ఎత్తూ రెండూ పదే. అంటే గోడల మధ్య కుదిరే 57, నేలకీ శ్లాబుకీ మధ్య కుదిరే 57 ఒకదాని మీద ఒకటి పడతాయి. 114 కూడా అంతే. పది బై పది, పది ఎత్తు అయితే మూడూ ఒకేచోట పడేవి. మన ఇళ్లలో పడగ్గదులు చాలావరకు ఇలాంటి కొలతలే. గది చూసుకునేవాళ్లకి నేను చెప్పే మాట ఒకటే, మూడు కొలతలూ మూడు రకాలుగా ఉన్న గదిని ఎంచుకోండి.

నవంబరు 16

కొలతల మైకు వచ్చింది. గది శబ్దాన్ని కొలిచే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కంప్యూటరు ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా కూత పెట్టినట్టు ఒక స్వరం సాగదీసి, మైకుకి ఏం చేరిందో గీసి చూపిస్తుంది. సోఫాలో నా చెవులుండే చోట, నేల నుంచి మూడడుగుల నాలుగంగుళాల ఎత్తులో, మైకు నిలబెట్టాను.

47 దగ్గర చుట్టుపక్కల కంటే 13 డెసిబెళ్లు పైకి లేచిన కొండ. 114 దగ్గర ఇంకొకటి. 57 దగ్గర, విచిత్రంగా, గొయ్యి. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. నేను వెడల్పుకి సరిగ్గా మధ్యలో కూర్చున్నాను, పక్కగోడల మధ్య కుదిరే 57కి మధ్యభాగంలో ఒత్తిడి సున్నా. అదే మధ్యభాగం 114కి శిఖరం. వీపు వెనక గోడ ఉంది కాబట్టి 47 మొత్తంగా నా మీదే పడుతోంది. ఒక కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం 60 డెసిబెళ్లు తగ్గడానికి 1.4 సెకన్లు. చిన్న వినికిడి గదికి ఐరోపా ప్రసార సంఘం చెప్పే లెక్క 0.2 నుంచి 0.4.

పైసా ఖర్చు లేని పని ముందు చేశాను. సోఫా తీసేసి ఒక కుర్చీ వేశాను, వెనకగోడకి నాలుగున్నర అడుగుల ముందుకి. గది పొడవులో 38 శాతం దగ్గర కూర్చోవడం చాలామంది మొదలుపెట్టే చోటు. 47 కొండ ఒక్కసారి 7 డెసిబెళ్లు దిగింది. గది మధ్యలో కుర్చీ ఏమిటని అమ్మ అడిగింది. కూర్చోబెట్టి వినిపించాను. “అవును, ఇక్కడ తక్కువ మోగుతోంది” అంది.

నవంబరు 19

ఈ రోజు డబ్బు పోయింది, రాయక తప్పదు. ఒక దుకాణంలో ‘అకౌస్టిక్ ఫోమ్’ అని గుడ్డు అట్టల ఆకారంలో నల్లటి స్పాంజి పలకలు అమ్ముతున్నారు. బాస్ కూడా పీల్చేస్తుందని గట్టిగా చెప్పారు. నమ్మి ఇరవై నాలుగు పలకలు తెచ్చి పక్కగోడలకి అంటించాను. మందం ఒక అంగుళం.

కొలిస్తే: రెండువేల పైన బాగా తగ్గింది, ఐదువందల కింద గీత కదల్లేదు. గది ఇప్పుడు పైన చచ్చిపోయి కింద మోగుతోంది. వయొలిన్ మీద దుప్పటి కప్పినట్టుంది, తొప్పి మాత్రం ఎప్పట్లాగే. 57 హెర్ట్జ్ తరంగం పొడవు ఇరవై అడుగులు. ఇరవై అడుగుల అలకి ఒక అంగుళం స్పాంజి ఎలా అడ్డు పడుతుంది? నూలు, దూది, రాతిపీచు, ఏదైనా సరే, గాలి కదలికని రాపిడితో వేడిగా మార్చి శబ్దాన్ని తగ్గిస్తాయి. గోడని ఆనుకున్నచోట గాలి కదలదు. అల పొడవులో నాలుగో వంతు దూరంలో ఎక్కువ కదులుతుంది. 57కి ఆ దూరం ఐదడుగులు. మందం కావాలి, లేదా గోడకీ పలకకీ మధ్య ఖాళీ కావాలి. అంతకు మించి ఈ స్పాంజికి ఇట్టే నిప్పంటుకుంటుంది. కరెంటు తీగలున్న గదిలో అది గోడనిండా ఉండటం నాకు నచ్చలేదు. అన్నీ పీకేశాను. రంగు కూడా ఊడొచ్చింది.

నవంబరు 23

శబ్దాన్ని లెక్కలోకి తెచ్చిన మనిషి గురించి చదివాను. 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదు, ఒక పదం ఐదారు సెకన్లు మోగుతోంది. వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి ఆ పని అప్పగించారు. ఆయన పక్కనున్న సాండర్స్ థియేటరు నుంచి కుర్చీల మెత్తలు రాత్రిళ్లు మోసుకొచ్చి, ఆర్గన్ గొట్టం ఊది, ఎన్ని మెత్తలకి ఎన్ని సెకన్లు తగ్గుతోందో గడియారంతో కొలిచాడు. తెల్లారేలోపు మెత్తలు తిరిగి చేర్చేవారు. ఇప్పటికీ వాడే సూత్రం అక్కడ పుట్టిందే. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆయన లెక్కతో కట్టిందే.

ఆ సూత్రం ప్రకారం నా గది ఘనపరిమాణం 1,200 ఘనపుటడుగులు, దాన్ని 0.049తో గుణిస్తే దాదాపు 59. 59ని 1.4తో భాగిస్తే 42. అంటే శబ్దాన్ని పూర్తిగా మింగేసే 42 చదరపుటడుగులు ఇప్పుడు గదిలో ఉన్నట్టు లెక్క. 0.4 సెకన్లకి 147 కావాలి. ఇంకా 105 తేవాలి.

మెత్తలే కదా, మనింట్లో లేవా! చుట్టాల కోసం దాచిన బూరుగుదూది పరుపులు నాలుగు, నేతచీరలతో కుట్టిన బొంతలు తొమ్మిది. అన్నీ పైకి మోశాను.

“పరుపులన్నీ గోడకి నిలబెట్టి ఏం చేస్తున్నావురా?”

“పరీక్షమ్మా. రాత్రికి దింపేస్తాను.”

దింపలేదు. అర్ధరాత్రి దాటేదాకా ఒక్కో పరుపూ ఒక్కో చోట పెట్టి కొలుస్తూనే ఉన్నాను. పక్కగోడకి ఆనిస్తే పైస్థాయి తగ్గింది, బాస్ అంతంతమాత్రం. ముందుమూలల్లో నిలబెడితే 57 తోక కాస్త పొట్టిదైంది. ఆఖరున విసుగొచ్చి రెండు పరుపులు చుట్టి సజ్జ మీదకి ఎక్కించాను, గది ఖాళీ చేసుకుందామని. ఊరికే మరోసారి కొలిచాను. అంతకుముందు కొలతలన్నిటికంటే 47, 57 రెండూ ఎక్కువ తగ్గాయి. మూడుసార్లు తిరగేసి కొలిచినా అదే.

ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. సజ్జ మీద రెండడుగుల లోతు, మూడడుగుల ఎత్తు, పదడుగుల పొడవు చోటుంది. అది వెనకగోడా శ్లాబూ కలిసే మూల. పొడవు వైపు మోతా ఎత్తు వైపు మోతా రెండూ వచ్చి పోగయ్యేది అలాంటి మూలల్లోనే. రెండడుగుల మందం పలక చేయించి గదిలో పెట్టాలంటే గదే మిగలదు. మేస్త్రి ఎప్పుడో కట్టిపెట్టిన సజ్జ ఆ చోటుని నాకు ఉచితంగా ఇచ్చింది. ఆ రాత్రి పథకమంతా మార్చుకున్నాను. గోడలకంటే ముందు మూలలు, మూలలకంటే ముందు సజ్జ.

డిసెంబరు 6

రాణిగంజ్. బాయిలర్లకీ ఏసీ డక్టులకీ చుట్టే రాక్‌వూల్, అదే రాతిపీచు, అమ్మే కొట్టు.

“ఏ మెషీన్‌కి సార్? ఎంత వేడి?”

“మెషీన్‌కి కాదండీ, పాటల గదికి.”

ఆయన ఒక్క క్షణం చూసి, లోపల్నుంచి మూడు రకాలు తెప్పించి ముందు పెట్టారు: ఘనపుమీటరుకి 48 కిలోలు, 64, 96. బరువైతే మంచిదని అందరూ అనుకుంటారు. సన్నటి పలకకి ఆ మాట కొంతవరకు నిజం. మందం పెరిగేకొద్దీ తేలికగా ఉండాలి, లేకపోతే శబ్దం లోపలికి దిగకుండా పైనుంచే తిరిగిపోతుంది. 48 తీసుకున్నాను. ఒక్కో పలక 1,200 బై 600 మిల్లీమీటర్లు, 50 మందం. గోడ ఫ్రేములు పదింటికి రెండేసి, మూల ఫ్రేములు నాలుగింటికి మూడేసి, సజ్జకి పన్నెండు. మొత్తం 44. ఆటోట్రాలీ నిండింది.

డిసెంబరు 13, 14

వడ్రంగి మేస్త్రి వచ్చాడు. పైన్ చెక్క, అంగుళం మందం, ఐదంగుళాల వెడల్పు. నాలుగడుగులు బై రెండడుగుల ఫ్రేములు.

“ఫోటో ఫ్రేమ్‌కి గింత లోతు ఎందుకు సార్?”

లోపల రాతిపీచు నాలుగంగుళాలు పడుతుందని చూపించాను. పలకని చేతిలోకి తీసుకుని బరువు చూసి, “గట్లైతే వెనక అడ్డంగ రెండు పట్టీలు కొట్టాలె, లేకుంటే కొన్ని దినాలకి కిందికి జారుతది” అన్నాడు. నేను గీసిన బొమ్మలో ఆ పట్టీలు లేవు. ఆయన మాట విని కొట్టించాను. చెదలు పట్టకుండా చెక్కకి మందు పూయించాను.

రాక్‌వూల్ కోసే పని నేనే చేశాను. రంపపు బ్లేడుతో నెమ్మదిగా లాగితే రొట్టె కోసినట్టు తెగుతుంది, నొక్కితే చిరుగుతుంది. కోస్తుంటే సన్నటి పసుపుపచ్చ నూగు ఎండలో తేలుతూ కనిపిస్తుంది. ముక్కుకి మాస్కు, చేతులకి తొడుగులు, పూర్తిచేతుల చొక్కా తప్పనిసరి. మొదటి గంట నిర్లక్ష్యం చేశాను, మోచేతుల నిండా దురద. చన్నీళ్లతో రుద్దకుండా కడగాలి, వేణ్ణీళ్లు పోస్తే ఇంకా పొడుస్తుంది. కోసే పనంతా మేడమీద ఆరుబయటే, గదిలోకి ఒక్క పీచు తీసుకురాలేదు. ప్రతి పలకకీ ముందు పల్చటి నాన్‌వోవెన్ గుడ్డ చుట్టి, ఆ తర్వాతే ఫ్రేములో దించాను.

డిసెంబరు 21

పైగుడ్డ దగ్గర తప్పు చేశాను. ఇంట్లో మిగిలిన మందపాటి కర్టెను గుడ్డ రెండు ఫ్రేములకి బిగించాను, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కొలిస్తే నాలుగువేల పైన పలక లేనట్టే. ఆ గుడ్డ వెనక వెలుగు ఆపడానికి పూత ఉంది. నోటికి ఆనించి ఊదితే గాలి దాటడం లేదు. గాలి దాటనిచోట ఆ శబ్దమూ దాటదు. జనరల్ బజారుకి వెళ్లి ప్రతి తానునీ నోటికి పట్టుకుని ఊదాను. ఊపిరి తేలిగ్గా దాటిన బూడిదరంగు నేతనూలు దొరికింది, ముప్పై మీటర్లు తెచ్చాను. గుడ్డ లాగి వెనక పిన్నులు కొట్టడం ఇద్దరి పని. ఒకరు నాలుగు పక్కలా సమంగా లాగాలి, మూలల్లో చీర కుచ్చిళ్లలా మడవాలి. ఆ మడతలు నా భార్య వేసింది. నేను వేసినవి రెండు విప్పి మళ్లీ వేసింది.

జనవరి 4

మా చిన్నాడు అద్దం పట్టుకుని కుడిగోడ వెంట నడిచాడు, నేను కుర్చీలో. “నాన్నా, ఇక్కడ?” “ఇంకొంచెం ముందుకి... ఆఁ, ఆగు.” అద్దంలో స్పీకరు కనబడిన చోటే శబ్దం మొదటిసారి గోడకి తగిలి నా చెవికి చేరే చోటు. పెన్సిలుతో గుర్తు. అలా రెండు పక్కలా రెండేసి గుర్తులు, ఒక్కో స్పీకరుకి ఒక్కోటి. కుడివైపు ఒక గుర్తు కిటికీ మీద పడింది, ఆ ఫ్రేముని కాళ్లమీద నిలబెట్టాను, కావలసినప్పుడు జరుపుకోవచ్చు.

గోడకీ ఫ్రేముకీ నాలుగంగుళాల ఖాళీ ఉంచాను. రెండు లాభాలు. ఖాళీ వల్ల పలక ఇంకొంత కిందిస్థాయి దాకా, ఓ రెండొందల హెర్ట్జ్ దాకా, గట్టిగా పనిచేస్తుంది. వానాకాలం గోడ చెమ్మగిల్లితే ఆరడానికి గాలి ఆడుతుంది.

జనవరి 13

పండక్కి చుట్టాలొచ్చారు. పరుపులు, బొంతలు అన్నీ కిందికి దిగాయి. అడగడం కూడా తప్పే, అందుకే ఉన్నాయవి. సజ్జ బోసిపోయింది. రాత్రి అందరూ పడుకున్నాక ఒక్కసారి కొలిచాను. గోడ ఫ్రేములు ఉన్నాయి కాబట్టి పైన అంతా చక్కగా ఉంది, కింద 47, 57 తోకలు మళ్లీ పాతబాట పట్టాయి. ఈ ఒక్క గీత చాలు నాకు. గోడలకి ఎంత అందంగా పలకలు కట్టినా, కింది మోతని పట్టి ఉంచింది సజ్జే.

జనవరి 18

కనుమ వెళ్లాక అమ్మ తనే అంది: “ఆ పాత పరుపులు నాలుగూ పైనే ఉండనీ. చుట్టాలకి కొత్తవి కుట్టిద్దాం.” ఆ ఖర్చు ప్రాజెక్టు ఖాతాలోనే రాసుకున్నాను.

పరుపుల్ని ఈసారి అదిమి కుక్కకుండా వదులుగా చుట్టి పెట్టాను, వెనక గోడవైపు పన్నెండు రాక్‌వూల్ పలకలు నిలువుగా. ముందు అదే బూడిదరంగు గుడ్డ, చెక్కపట్టీకి బిగించి. చూసేవాళ్లకి అదొక తెర, అంతే. ముందుమూలల్లో ఆరంగుళాల మందం ఫ్రేములు ఒకదాని మీద ఒకటి, మూలకి ఏటవాలుగా. వెనక మిగిలిన త్రికోణపు ఖాళీని అలాగే వదిలాను.

శ్లాబుకి రెండు ఫ్రేములు వేలాడదీయాలి, మధ్యలో ఫ్యాను. ఫ్యాను తిరుగుతుంటే నిలకడగా సాగే తంబురా నాదం కూడా సన్నగా వణుకుతుంది. రెక్కలు శబ్దాన్ని కోస్తాయి. ఫ్యాను దింపేశాను. కొక్కెం ఉంచాను. వినడానికి అరగంట ముందు ఏసీ వేసి, మొదలుపెట్టగానే ఆపేస్తున్నాను. మే నెలలో ఏమవుతుందో అప్పుడు చూడాలి. ఫ్రేముల్ని నాలుగేసి యాంకరు బోల్టులతో కట్టించాను. తలమీద వేలాడే బరువు దగ్గర మేకులూ ఫెవికాలూ పనికిరావు.

జనవరి 25

స్పీకర్లు ముందుగోడకి రెండున్నర అడుగుల దూరంలో ఉండేవి. వాటి వెనక గోడకి తగిలి తిరిగొచ్చే అల ఆ దూరంలో 114 దగ్గరే అడ్డంతిరుగుతుంది. రెండంగుళాల చొప్పున జరుపుతూ పదకొండు కొలతలు తీశాను. రెండడుగుల రెండంగుళాల దగ్గర గీత అన్నిటికంటే నున్నగా వచ్చింది, టేపుతో నేల మీద గుర్తు వేశాను.

ఈ రోజు లెక్క: ఒక కిలోహెర్ట్జ్ దగ్గర 1.4 నుంచి 0.38 సెకన్లకి. 47 కొండ 13 నుంచి 4 డెసిబెళ్లకి. 57 తోక సగానికి పైగా పొట్టిదైంది. 114 ఇంకా 6 డెసిబెళ్లు మిగిలి ఉంది, అది నా కుర్చీ వెడల్పులో మధ్యన ఉన్నంతకాలం కొంత ఉంటుంది. ఖర్చు, ఆ స్పాంజి కూడా కలిపి, ముప్పై వేల లోపు.

తని ఆవర్తనం మళ్లీ పెట్టాను. తొప్పి దెబ్బకీ దెబ్బకీ మధ్య నిశ్శబ్దం ఉంది. గుంకీలో అరచేతి మణికట్టు తోలు మీద జరిగి స్వరం పైకి వంగడం, అది వంగి ఆగడం, వేలితో చూపించగలను. రెండు గంటలు కదల్లేదు.

జనవరి 26

సెలవు. నాన్న టేపు పెట్టాను, 1980ల నాటిది. బావిలోంచి పాడినట్టున్నది పోయింది. రేడియో ఒక చోట, దాని చుట్టూ ఇంకో గది. తెనాలి పెంకుటింటి ముందుగది. మట్టిగోడలు, పెంకుల సందుల్లోంచి శబ్దం బయటికి పోయే ఇల్లు. ఇన్నాళ్లూ ఈ గది మోత ఆ గదిని కప్పేసింది.

ఆ ‘కీచు కీచు’ ఇప్పుడు స్పష్టంగా, ఎడతెగకుండా, నెమ్మదిగా ఒక లెక్కలో వస్తోంది. డెక్ బెల్టు డిసెంబరులోనే మార్చాను, అది కాదు. అమ్మ కాఫీ తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

“మీ నాయనమ్మ ఉయ్యాలబల్ల కదరా అది. కొక్కేనికి ఆముదం వెయ్యమని మీ నాన్నకి రోజూ చెప్పేది.”

కుర్చీ ఆమెకి ఇచ్చి నేను నేలమీద కూర్చున్నాను. అక్కడ బాస్ సరిగా ఉండదు, ఈ టేపుకి అక్కర్లేదు కూడా. రెండోవైపు తిప్పి పెట్టమంది.

వచ్చే ఆదివారం: రెండో కుర్చీ పట్టేలా మైకు నాలుగంగుళాలు అటూ ఇటూ జరిపి కొలవాలి. మిగతా పదిహేడు క్యాసెట్లు ఈ గదిలోనే విని, కంప్యూటరుకి ఎక్కించాలి.